మీ మొక్కలకు పంపు కొన్నాను

శ్రీవారికి నమస్కారాలు.

నేను కులాసాగా ఉన్నాను. మొక్కలు కూడా కులాసాగానే ఉన్నాయనుకుంటున్నాను. ఎందుకు 'అనుకుంటున్నాను' అన్నానో చివర్లో చెబుతాను, తొందరపడి పేజీ తిప్పకండి. మీ నడుం నొప్పి తగ్గిందని రాశారు, సంతోషం. ఓడ డాక్టరు ఇచ్చిన మందుకు తగ్గిందో, ఇంజను గది వేడికి తగ్గిందో గానీ, బరువులు మాత్రం ఎత్తకండి.

మీ ఉత్తరం అందింది. మొదటి పేజీ అంతా ఫెర్ను గురించి, రెండో పేజీలో సగం రబ్బరు మొక్క గురించి, ఆపైన వంటింటి కుళాయి కారడం ఆగిందా అని, ఆ తర్వాత నా ఆరోగ్యం. కుళాయి తర్వాతైనా గుర్తొచ్చినందుకు సంతోషించాలి కాబోలు. మీరు అడిగిన వరుసలోనే చెబుతున్నాను. ఫెర్ను కొత్త ఆకులు వేసింది. రబ్బరు మొక్క ఆకుల్ని తడిగుడ్డతో తుడిచాను. కుళాయి ఇంకా కారుతూనే ఉంది. నేను బాగున్నాను.

నాటకాల కంపెనీ వాళ్ళు దుస్తులు చూసుకునే మనిషిగా తమతో ఊరూరా రమ్మని పిలిచిన సంగతి ఆ మధ్య మీకు రాశాను. ఇన్నేళ్ళూ ఇంట్లో మిషను ముందు కూర్చుని వాళ్ళ రాజులకూ భటులకూ కుట్టి పంపినదాన్ని, రమ్మంటే ఎంత పొంగిపోయానో పేజీల కొద్దీ రాశాను. మీ జవాబు ఒక్క వాక్యం. "మరి మొక్కలకు నీళ్ళెవరు పోస్తారు?" వెళ్ళమనీ అనలేదు, వద్దనీ అనలేదు. వద్దంటే పోట్లాడేదాన్ని. ఆ ప్రశ్న పట్టుకుని ఎవరితో పోట్లాడను? గిన్నెలు చప్పుడు చేస్తూ తోముకున్నాను. కోపం దిగాక, ఆయన అడిగింది ప్రశ్నే కదా, జవాబు చెబితే సరిపోతుంది కదా అనిపించింది. పంపు పెడుతున్నానని అందుకే రాశాను. పెట్టుకో, నీకూ శ్రమ తగ్గుతుంది, ఏది కొన్నా బలమైనది కొను అని మీరు ఈ ఉత్తరంలో సలహా ఇచ్చారు.

మీ సలహా రాకముందే బలమైనదే కొన్నానండీ. ఫలితం వినండి. గొట్టాలు తగిలించి, స్విచ్చి వేశాను. ఫెర్ను కుండీలోని మట్టి లేచి గోడకు కొట్టుకుంది. మనీప్లాంటు వేళ్ళతో సహా బయటికొచ్చి అర మీంచి వేలాడింది. ఓడలో సముద్రాన్ని తోడే పంపుల మధ్య తిరిగేవారు కాబట్టి మీకు బలం అంటే గౌరవం. మన ముందుగదిలో సముద్రం లేదు. ఆ పంపును తుడిచి, పెట్టెలో పెట్టి, కొట్టులో తిరిగి ఇచ్చేశాను.

రెండోది చేపల తొట్టిలో పెట్టే చిన్న పంపు. నీళ్ళలో మునిగి ఉంటుంది. బకెట్టు నేల మీద పెడితే పై అర దాకా నీళ్ళు ఎక్కలేదు. నా తెలివి కొద్దీ బకెట్టును బీరువా మీదికి ఎక్కించాను. చక్కగా పారాయి. స్విచ్చికి తగిలించిన టైమరు ప్రకారం పంపు ఆగింది. నీళ్ళు ఆగలేదు. బకెట్టు పైన, గొట్టం కొస కింద ఉంటే, ధార ఒకసారి మొదలయ్యాక దానికి పంపుతో పనే లేదని నాకు అప్పటికి తెలియదు. దారం కొనడానికి బజారుకు వెళ్ళి వచ్చేసరికి బకెట్టు ఖాళీ, గది నిండా నీళ్ళు. గుమ్మంలో కింది ఇంటి పంతులమ్మగారు గొడుగు వేసుకుని నిలబడి ఉన్నారు. బయట ఎండ మండిపోతోంది. తమ ఇంట్లో వాన పడుతోందని చెప్పడానికి వచ్చారట.

ఆవిడ తిట్టలేదు. పాత గుడ్డలు తెమ్మని నాతోపాటు నేల మీద కూర్చుని తుడిచారు. రోజూ చెంబుతో పోసుకుంటే పోయేదానికి ఎందుకమ్మా ఈ తంటా అన్నారు. ఎందుకో చెప్పాను, మీ ఒక్క వాక్యంతో సహా. ఆవిడ గుడ్డ పిండడం ఆపి, "అయితే ఈసారి సరైన పంపే కొను" అన్నారు. ఇక ఆ విషయం ఎత్తలేదు.

మళ్ళీ కొట్టుకు వెళితే కొట్టాయన నన్ను చూసి నిట్టూర్చాడు. అప్పటిదాకా ఏ పంపు మంచిదని నేను అడుగుతూ వచ్చాను, ఎదురుగా ఉన్నదేదో అతను తీసి ఇస్తూ వచ్చాడు. కొలతలు లేకుండా నేనెవరికైనా చొక్కా కుడతానా? ఈసారి నా టేపుతో అన్నీ కొలుచుకుని వెళ్ళాను. నేల మీది నీళ్ళ నుంచి పై అర కుండీ అంచు దాకా ఎంత ఎత్తో, గొట్టం ఎక్కడెక్కడ వంగుతుందో, ఏ మొక్క చెంబుడు తాగుతుందో, ఏది గుక్కెడు తాగుతుందో గడగడా అప్పజెప్పాను. "ఈ ముక్క మొదట్లోనే చెప్పాల్సిందమ్మా. ఎన్ని నీళ్ళు అని కాదు, ఎంత ఎత్తు ఎక్కాలి, ఎంత నెమ్మదిగా దిగాలి అన్నదే లెక్క" అన్నాడు. మొదట్లో తను అడగాల్సింది కదా అంటే మాట మార్చాడు, పోనీండి.

లోపలి నుంచి తెచ్చినది అరచేతిలో ఇమిడే పంపు. అందులో ఒక రబ్బరు పొర ముందుకీ వెనక్కీ ఆడుతూ నీళ్ళు పీల్చి పైకి తోస్తుంది. నీళ్ళలో మునగక్కర్లేదు, బకెట్టు బదులు కొన్న నీళ్ళ డ్రమ్ము పక్కనే నేల మీద కూర్చుంటుంది. నీళ్ళయిపోయి కాసేపు ఉత్తినే తిరిగినా మాడిపోదు. పై అర దాకా ఎక్కిస్తుంది, ధార మాత్రం సన్నం. నీళ్ళు కుండీలకంటే కిందే ఉంటాయి కాబట్టి టైమరు ఆగమంటే ధార ఆగుతుంది. ప్రతి కుండీలోనూ చుక్కచుక్కగా వదిలే బిరడా ఒకటి గుచ్చాను. కలబందకు గొట్టం పెట్టలేదు. దాన్ని ఎవరూ పట్టించుకోకపోతేనే దానికి సుఖం.

ఇప్పుడు చివర్లో చెబుతానన్న మాట. నేను ఇంట్లో లేను. నాటకశాల వెనక గదిలో, దుస్తుల పెట్టె మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. ఇంటికి తాళం వేసి కంపెనీ వాళ్ళతో వచ్చేశాను. మళ్ళీ మిమ్మల్ని అడిగితే మీరు ఇంకో ప్రశ్న రాస్తారు, దానికి నేను ఇంకో యంత్రం వెతుక్కోవాలి. కంపెనీ యజమానురాలు ఆఖరిసారి అడిగినప్పుడు, "మీ ఆయన్ని కనుక్కుని చెబుతారా?" అంది. "ఆయన ఓడెక్కేటప్పుడు నన్ను కనుక్కోలేదు" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చిందని నాకే ఆశ్చర్యం వేసింది. వెనక్కి మాత్రం తీసుకోలేదు. ఇప్పుడూ తీసుకోను.

మీ మీద కోపంతో వచ్చేశానని అనుకోకండి. కోపం ఉంది, కాదనను. కానీ వచ్చింది అందుకు కాదు, రావాలనిపించి వచ్చాను. నేను కుట్టిన బట్ట మీద దీపాల వెలుతురు పడితే ఎలా ఉంటుందో ఇన్నేళ్ళలో ఒక్కసారీ చూడలేదు. మొదటి ఆటనాడు తెర పక్కన నిలబడి చూసి ఏడ్చేశాను. రాణి వేషం అమ్మాయి తన చీర కుట్టు ఊడిందేమోనని హడలిపోయింది.

మొక్కలు ఎలా ఉన్నాయో నిజంగా నాకు తెలియదు. తాళంచెవి పంతులమ్మగారికి ఇచ్చాను గానీ, రోజూ వెళ్ళి చూడమని అడగలేదు. నేను విడిపించుకుని నా స్థానంలో ఇంకో మనిషిని కట్టేయడం న్యాయం కాదు. అవి ఎండిపోతే ఏడుస్తాను, మీతో కలిసే ఏడుస్తాను. అయినా ఆటలు మానుకుని రాను.

ఇంకొక్కటి చెప్పాలి. డ్రమ్ము కూడా కొలిచే ఎంచుకున్నాను. రోజుకు ఎన్ని నీళ్ళు దిగుతాయో చూసుకుని, మీరు సెలవుకు ఇల్లు చేరే రోజు దాకా సరిపోయేది తీసుకున్నాను. ఇంకా పెద్దది కొట్టులో ఉంది. కావాలనే తీసుకోలేదు. నీళ్ళు పైకి తోయడం పంపు పని, డ్రమ్ము నింపడం మనిషి పని. ఇన్నేళ్ళూ ఆ మనిషిని నేను. ఈసారి మీరు.

డ్రమ్ము కిటికీ కింద ఉంది. నింపి, మూత పెట్టండి. ఆ తర్వాత నన్ను చూడాలనిపిస్తే బయల్దేరి రండి, మా ఆట ఏ ఊళ్ళో ఉందో పంతులమ్మగారు చెబుతారు. మిమ్మల్ని నా కుట్లు కనబడేంత దగ్గరగా, ముందు వరుసలో కూర్చోబెడతాను.

ఇట్లు,
ఊళ్ళు పట్టుకు తిరుగుతున్న
మీ ఇల్లాలు