ధ్వని పాఠానికి వీడియో

ప్రియమైన అక్కకి,

మూడు నెలలుగా ఫోన్ ఎత్తడం లేదని, నీమీద అలిగానని బాధపడుతున్నావట. బావగారు మెసేజ్ పెట్టారు. అలక కాదక్కా. గొంతుకి చిన్న ఆపరేషన్ అని చెప్పాను కదా, అది చిన్నది కాదు. క్యాన్సర్ గడ్డ. స్వరపేటిక మొత్తం తీసేశారు. ప్రాణానికి భయం లేదన్నారు గానీ మాట ఇక రాదు. మెడ కింద చిన్న రంధ్రంలోంచి ఊపిరి పీల్చుకుంటున్నాను, దాని మీద గుడ్డ కట్టుకుంటాను. చిన్నప్పుడు నన్ను వాగుడుకాయ అని ఏడిపించేదానివి. అలాంటి నీకు ఈ సంగతి చెప్పడానికి నోరు రాలేదు. నవ్వకు, అక్షరాలా అంతే.

బడిలో పిల్లలకి గొంతు బొంగురుపోయి మాట రావట్లేదని బోర్డు మీద రాశాను. సైన్సు పాఠాలు వీడియోలతో నెట్టుకొద్దామనుకున్నాను. రోజూ సాయంత్రం కూర్చుని వెతకడమే పని. ఒకాయన తోకకి నిప్పంటుకున్నట్టు పరిగెడతాడు. ఒకావిడ పాఠం మొదలుపెట్టకముందే లైక్ కొట్టమంటుంది. ఇంకోదాంట్లో బొమ్మలు బాగున్నాయి, సంగీతం మాటని మింగేస్తుంది. ఎట్టకేలకు వేడి గురించి మంచిది దొరికితే ఎనిమిదో తరగతిలో వేశాను. మధ్యలో ఒక అమ్మాయి చెయ్యెత్తి, "ఒకే గదిలో ఉన్నా ఇనుప కుర్చీ చల్లగా, చెక్క కుర్చీ మామూలుగా ఎందుకుంటాయి?" అంది. తెరమీద ఆయన చెప్పుకుంటూ పోయాడు. నేను వీడియో ఆపి, బోర్డు మీద జవాబు రాసి వెనక్కి తిరిగేసరికి ఆ పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో నన్ను ఇంత కుంగదీసింది మరొకటి లేదు. వీడియోకి నోరుంది, చెవుల్లేవు. నాకు చెవులున్నాయి, నోరు లేదు. ఇద్దరం కలిసినా ఒక టీచరు కాలేకపోయాం.

రాజీనామా రాసి పెట్టుకున్నాను. ధ్వని పాఠం ఒక్కటి అయ్యాక హెడ్మాస్టరు గారికి ఇచ్చేస్తాను.

నీ చెల్లెలు

*

అక్కా,

నీ జవాబు అందింది. "నాకే చెప్పకపోతే ఇంకెవరికి చెప్పుకుంటావే?" అన్న వాక్యం మళ్లీ మళ్లీ చదువుకున్నాను. తప్పు నాదే.

ధ్వని పాఠానికి వీడియో దొరికింది. గొంతులోకి కెమెరా పంపి తీసింది. రెండు తెల్లటి స్వరతంత్రులు తలుపు రెక్కల్లా తెరుచుకుంటాయి, మాట వచ్చినప్పుడు దగ్గరై వణుకుతాయి. జీవితమంతా వాటితోనే బతికాను, ఎలా ఉంటాయో ఎన్నడూ చూడలేదు. వంటింట్లో నిలబడి ఆరుసార్లు చూశాను.

క్లాసులో శబ్దం తీసేసి వేశాను. గొంతు మీద వేళ్లు పెట్టుకుని "ఆ" అనమని బోర్డు మీద రాశాను. గది హోరెత్తిపోయింది. ముందు బెంచీ అమ్మాయి లేచి వచ్చి, "మీరు కూడా అనండి టీచర్" అంటూ నా మెడ మీద వేళ్లు ఆనించింది. నోరు తెరిచాను. కాసేపు చూసి, "ఏం కదలట్లేదు" అంది.

ఇక అబద్ధం నావల్ల కాలేదు. తెరమీద ఆ తంత్రుల్ని చూపించి, "నావి తీసేశారు" అని రాశాను.

ఒక్కొక్కరే అడగడం మొదలుపెట్టారు. "నొప్పి పుట్టిందా టీచర్?" పుట్టిందని రాశాను. "మరి ఊపిరి ఎటునుంచి?" గుడ్డ పక్కకి తీసి చూపించాను. "ఏడిస్తే చప్పుడు వస్తుందా?" రాదు అని రాశాను. బోర్డు రెండుసార్లు నిండింది, రెండుసార్లు చెరిపాను. గంట కొట్టినా కూర్చునే ఉన్నారు.

రాజీనామా ఇవ్వలేదక్కా. ఎన్నాళ్లు ఇవ్వకుండా ఉంటానో తెలియదు. వచ్చే వారం చెవి గురించి చెప్పాలి.

అందరూ వెళ్లాక ఆ ముందు బెంచీ అమ్మాయి ఒక్కతే ఆగింది. "మీ గొంతు ఎలా ఉండేదో నాకు గుర్తుంది టీచర్. మీకు గుర్తుందా?" అని అడిగింది.

సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాను. అన్ని ప్రశ్నలకి జవాబు రాసినదాన్ని, ఆ ఒక్కదానికి మాత్రం రాయలేకపోయాను.

నీ చెల్లెలు