ఆమెన్ అంటే ఆగే గుర్రం

తెనాలి,
12-11-1988.

నాన్నకు రూతమ్మ వందనాలు. ప్రభువు దయవల్ల భట్టిప్రోలులో అమ్మ, ఇక్కడ నేను తిని తిరుగుతున్నాం. మద్రాసులో నువ్వూ, నీ లాయంలో గుర్రాలూ అలాగే ఉన్నారని తలుస్తాను. ఉత్తరంలో ముందు క్షేమం రాయాలని నువ్వే నేర్పావు కాబట్టి రాశాను. 

నువ్వు అడిగినవాటికి జవాబులు చెప్పేస్తాను. అమ్మకు దగ్గు తగ్గింది. మందు తాగుతున్నానంటుంది గానీ సీసా నిండుగానే కనబడుతుంది. మొన్నటి వానకు ఇల్లు కారలేదు. ప్రెస్సులో ఎవరితోనూ గొడవ పడటం లేదు కదా అని అడిగావు. పడుతున్నాను. అచ్చయిన ఫారాలు మడిచే ఆడవాళ్లకు కూర్చోను పీటలు లేవు, ఫోర్‌మన్‌కి మాత్రం నెత్తిమీద ఫ్యాను. అడిగితే, "చదివింది అయిదు, మాట్లాడేది బి.ఏ." అంటాడు. మడిచే ప్రతి ఫారమూ నేను చదివే మడుస్తానని అతనికి తెలియదు.

ఇక నీ పందేల గుర్రం చిట్టిదొర సంగతి. వయసైపోయిందని యజమాని వాణ్ణి కొండల మీది గుర్రాల ఫారానికి పంపించాడని, పచ్చగడ్డిలో హాయిగా తిరుగుతుంటాడని, అంత మంచి మనసున్న మనిషి పేరు రోజూ ప్రార్థనలో తలుస్తున్నానని రాశావు. నాన్నా, ఆ పేరు తీసెయ్యి. చిట్టిదొర ఏ కొండ మీదా లేడు. తెనాలిలో జట్కా బండి లాగుతున్నాడు.

ఎవరో నాకు చెప్పిన మాట కాదిది. నా కళ్లతో చూశాను.

పోయిన శుక్రవారం మా ప్రెస్సులో పనిచేసే కాంతమ్మత్త ఇంటి ముందు ప్రార్థన కూటం పెట్టుకున్నాం. వీధిలోనే చాపలు వేశారు. పొద్దు గూకుతోంది. పాస్టరుగారు ప్రార్థన ముగించారు, అందరం ఒక్కసారిగా ఆమెన్ అన్నాం. సరిగ్గా అప్పుడే పక్కనుంచి వెళుతున్న జట్కా టక్కున ఆగిపోయింది. వెనక కూర్చున్న ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడ్డారు. గుర్రం మా వైపు మెడ తిప్పి, మూతి ముందుకు చాచి, కింది పెదవి వేలాడదీసి నిలబడింది. ఎవరో చేతిలో ఏదో పెడతారని ఎదురుచూస్తున్నట్టు.

జట్కావాడు చర్నాకోల ఎత్తి కొట్టాడు. అది కదల్లేదు. ఇంకోటి వేశాడు. మూతి అలాగే చాచి ఉంచింది.

నాన్నా, నీకు గుర్తుందా, నువ్వు సెలవుకి ఇంటికి వచ్చినప్పుడల్లా సాయంత్రం ప్రార్థనలో ఆమెన్ అనగానే నీ చెయ్యి జేబులోకి పోయేది. అక్కడ బెల్లం ఉండదు, ఎదురుగా గుర్రమూ ఉండదు. అయినా అరచెయ్యి తెరిచి గాలిలోకి చాచేవాడివి. అమ్మా నేనూ కడుపు పట్టుకుని నవ్వేవాళ్లం. లాయంలో రోజూ చిట్టిదొర మెడ మీద చెయ్యి వేసి ప్రార్థన చేస్తాననీ, చివర్లో బెల్లం పెడితే గానీ వాడు దాణా ముట్టడనీ సిగ్గుపడుతూ చెప్పావు. నీ ఖాళీ చెయ్యి మనింట్లో చూశాను. దానికోసం చాచిన మూతిని ఆ వీధిలో చూశాను.

దగ్గరికి పరిగెత్తాను. మనింటి ఫొటోలో ఉన్నట్టే నుదుటి మీద కోసిన నిమ్మచెక్క లాంటి తెల్లమచ్చ. వేరే గుర్రం కొరికిందని నువ్వు చెప్పిన ఎడమ చెవి. వాడే. పక్కటెముకలు బయటికి వచ్చి ఉన్నాయి.  ఆ తర్వాత ఏం చేశానో చెప్పడానికి సిగ్గుపడను. చర్నాకోల లాక్కుని విరిచి మురిక్కాలవలో పారేశాను. ఆ మనిషిని నోటికొచ్చినట్టు తిట్టాను.

అతను నాకంటే నిదానంగానే ఉన్నాడు. "ఏమ్మా, ఈ గుర్రం నీకేమన్నా మేనమామా?" అన్నాడు.

"మా నాన్న పెంచిన గుర్రం ఇది."

"అట్టాగా. అయితే నీకు అన్నో తమ్ముడో అవుద్ది. ఇంటికి తీసకపోయి అన్నం పెట్టు."

చాపల మీద వాళ్లంతా నవ్వారు. కాంతమ్మత్త కూడా నవ్వింది.

ఆ జట్కా ఆయన పేరు పున్నయ్య. కోపం చల్లారక మర్నాడు పొద్దున్నే ఇంటికి వెళ్లి మళ్లీ తిట్టాలనుకున్నాను. కాలవ కట్ట మీద పాక. నేను వెళ్లేసరికి ఆయన గొంతుక్కూర్చుని చాటలో ఉలవలు పోసుకుని రాళ్లు ఏరుతున్నాడు. చిట్టిదొర ముందరి కాళ్లకు తడి గోనెపట్టా చుట్టి ఉంది. దెబ్బ తగిలినచోట పసుపూ ఆముదమూ రాసి ఉన్నాయి. ఈగలు వాలకుండా వాళ్లావిడ శేషారత్నం తన చీర ఒకటి మడిచి వాడి వీపు మీద కప్పింది. ఆమె ఒంటి మీది చీర దానికంటే పాతది. మోసుకొచ్చిన తిట్లు పక్కన పెట్టి, నేనూ చాట దగ్గర కూర్చుని రాళ్లు ఏరాను.

"కొట్టాలని నాకు మాత్రం ఉంటదా అమ్మా" అన్నాడు పున్నయ్య. "మీ పేటల్లో ఎక్కడ ప్రార్థన వినపడినా నడిరోడ్డు మీద ఆగిపోద్ది. ఏ లారీ అన్నా వచ్చి గుద్దితే దీని గతేంటి? గాలి సోకిందేమోనని తాయెత్తు కూడా కట్టించా."

నిజంగానే వాడి మెడలో నల్లతాడుకి తాయెత్తు ఉంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. శేషారత్నాన్ని అడిగి చిన్న బెల్లం ముక్క తీసుకున్నాను. అరచేతిలో పెట్టుకుని ఆమెన్ అన్నాను. చిట్టిదొర పెదవులతోనే మెత్తగా అందుకున్నాడు. ఆ తర్వాత ఉలవల తొట్టిలో తల పెట్టాడు. అలా తల ఎత్తకుండా తినడం తాము కొన్న తర్వాత ఇదే మొదటిసారని శేషారత్నం చెప్పింది. పున్నయ్య చాట కింద పెట్టేసి దగ్గరికి వచ్చి చూశాడు.

పందేల గుర్రం గాలిలా పోతుందని చెప్పి ఒక బేరగాడు అంటగట్టాడట. మద్రాసులో యజమాని నుంచి నేరుగా తానే కొన్నానని కూడా ఆ బేరగాడు గొప్పగా చెప్పుకున్నాడట. అంటే నీకు కొండల కథ చెప్పినప్పటికే యజమాని వాణ్ణి అమ్మేశాడు. కప్పు గెలిచిన రోజు తీసిన ఫొటో మనింట్లో ఉంది కదా. అందులో యజమాని, ఆయన భార్య, జాకీ అందరూ ఉన్నారు. కళ్లెం పట్టుకున్న నీ చెయ్యి మాత్రమే పడింది. చిన్నప్పుడు అది గొప్ప అనుకున్నాను. మన ఇంటి మీది పెంకులు ఆ గెలుపు చలవే, కాదనను. అవి చిట్టిదొర కప్పించినవి. ఫొటోలో నవ్వుతున్న ఆ పెద్దమనిషి కప్పించినవి కావు.

ఇప్పటిదాకా రాయకుండా ఆపుకున్న మాట ఒకటుంది. అమ్మ అయితే నీకు ఈ సంగతి ఏదీ తెలియనివ్వద్దని ఒట్టు వేయించుకోబోయింది. ఆ కొండల మాట మీదే మీ నాన్న బతుకుతున్నాడే అంది. నేను ఒట్టు వెయ్యలేదు.

చిట్టిదొర ముందరికాళ్ల నరాలు పాడయ్యాయి. ఇక బరువు లాగించకూడదని పశువుల డాక్టరుగారు చెప్పారు. పున్నయ్య దగ్గర ఇంకో గుర్రం లేదు. పని చెయ్యనిదాన్ని మేపలేక మళ్లీ ఆ బేరగాడికే ఇచ్చేద్దామనుకున్నాడు. అవిటి గుర్రాలను బేరగాడు ఎక్కడికి తోలుకుపోతాడని అడిగితే ఆయన నా మొహం చూడకుండా, "కబేలాకేనమ్మా" అన్నాడు. అప్పుడు నేను అబద్ధం ఆడాను. మా నాన్న ఉత్తరం రాశాడు, వచ్చి తీసుకెళ్తానన్నాడు అని చెప్పాను. నీకేమో అసలు సంగతే తెలియదు.

ఆయన నమ్మాడు. "నీ చేతికియ్యనమ్మా. పెంచినాయన వస్తే ఆయన చేతికే ఇస్తా. కోతలయ్యేదాకా చూస్తా" అన్నాడు. జట్కా కట్టడం మానేసి ఇప్పుడు అద్దె రిక్షా తొక్కుతున్నాడు. నేను తిట్టిన మనిషి ఆయనే. ఇప్పుడు బాబాయి అని పిలుస్తున్నాను. నీ ప్రార్థనలో ఒక పేరు తీసెయ్యమన్నాను కదా, అక్కడ ఈ పేరు పెట్టు.

మన పెరట్లో కొట్టం బాగుచేయిస్తున్నాను. అమ్మ తిడుతూనే తాటాకులు అడిగి తెచ్చింది. సెలవు ఇవ్వకపోతే చెప్పకుండా వచ్చెయ్యి. కోతలు మొదలైపోయాయి నాన్నా.

పున్నయ్య బాబాయి రోజూ సాయంత్రం తొట్టి ముందు నిలబడి ఆమెన్ అంటున్నాడు. ముందు ప్రార్థనేమీ లేదు, ఒట్టి ఆమెనే. చిట్టిదొర బెల్లం తింటాడు. తిన్న తర్వాత ఆ అరచెయ్యి వాసన చూసి, తల ఎత్తి రోడ్డు వైపు చూస్తాడు. అది నీ చెయ్యి కాదని వాడికి తెలుసు.

ఇట్లు,
నీ పేరు మీద మాట ఇచ్చేసిన నీ కూతురు,
రూతమ్మ