ఎవరి బిడ్డవని అడిగాడమ్మా

అమ్మా,

ఇవాళ నీ సంవత్సరీకం. పొద్దున జరిగింది ముందు నీకే చెప్పాలి.

పురావస్తు శాస్త్రం, దాంతోపాటు అక్కడి దీవులవాళ్లు మాట్లాడే గేలిక్ భాష చదవడానికి నేను స్కాట్లాండు ఓడెక్కుతుంటే నువ్వు నవ్వావు. "పెంకులేరడానికో సదువు, దానికి తోడు ఇంకో బాసా! రంగం తిరిగొచ్చేక ఆ బాస ఎవుడితో మాటాడతావురా?" అన్నావు.

నువ్వు రంగం అనే ఈ రంగూనులోనే, పజుండాంగ్ కాలువ ఒడ్డున బియ్యం మిల్లుకి పునాది తవ్వుతుంటే పాతకాలపు కుండలు బయటపడ్డాయి. తవ్వకం ఆపమని బతిమాలితే మిల్లు దొర గద్దించి పొమ్మన్నాడు. అతను స్కాట్లాండువాడే గాని, ఇంగ్లీషు తప్ప వేరే మాట అతని నోట ఎవరూ వినలేదు. కోపంలో నా నోట గేలిక్ తిట్టొకటి వచ్చేసింది.

దొర ముఖం పాలిపోయింది. కుర్చీలో కూలబడి, అదే భాషలో, మన ఊరి ముసలమ్మలు అడిగినట్టే అడిగాడు: "నువ్వు ఎవరి బిడ్డవి?"

వాళ్ల దీవుల్లో కొత్తవాళ్లని మొదట అడిగేది అదేనని చదువుకున్నాను. అక్కడున్నన్నాళ్లూ నన్నలా ఒక్కరూ అడగలేదు. నాన్న పేరు చెప్పాల్సింది. "నరసమ్మ కొడుకుని" అన్నాను.

తవ్వకం ఆపించాడమ్మా. ఆదివారం నిన్ను టీకి తీసుకురమ్మన్నాడు.

సరేనన్నాను.