బాగానే ఉందన్న మనిషి

నిష్, ఫిబ్రవరి 9, 1983

మిలున్ అన్నయ్యా,

కొండ మీద మీ బ్యారక్స్‌లో చలి ఎలా ఉందో అడిగి మొదలుపెట్టాలి. ఆ ఓపిక నాకు లేదు. నాన్న ఊపిరితిత్తిలో గడ్డ ఉంది. నువ్వు సైన్యానికి వెళ్ళిన కొన్నాళ్ళకే తేలింది. నీకు రాయొద్దన్నాడు. "తుపాకీ చేతిలో ఉన్నవాడికి చెప్తే ఎవణ్ణి కాలుస్తాడు?" అన్నాడు. ఇన్నాళ్ళూ మాట విన్నాను, ఇక వినను. నువ్వూ ఆయన కొడుకువే.

మామూలు మందులు పనిచేయలేదు. ఇక్కడి క్లినిక్‌లో ఒక కొత్త మందు పరీక్షిస్తున్నారు, అందులో చేరాడు. మనిషి ఎంత మోతాదు తట్టుకోగలడో తేల్చడం వాళ్ళ పని. ముందు ముగ్గురికి కొంచెం ఇస్తారు. వాళ్ళకి ఏ హానీ జరక్కపోతే తర్వాతి ముగ్గురికి పెంచుతారు. ఎవరికైనా గట్టి దెబ్బ తగిలితే పెంచరు. నాన్న రెండో ముగ్గురిలో ఒకడు.

నా సంగతి నీకు తెలుసు. రోగుల హక్కుల కోసం మా సంఘం వేసిన 'రోగి ఎలుక కాదు' అనే కరపత్రం భోజనం దగ్గర ఆయనకి చదివి వినిపించాను. బాధ ఉందని నోరెత్తినవాళ్ళని చడీచప్పుడు లేకుండా పరీక్షలోంచి తీసేస్తారని అందులో ఉంది. నాన్న సూప్ తాగుతూ అంతా విన్నాడు.

"ఇది రాసినవాడికి గడ్డ ఉందా?"

"ఉండదనుకుంటా."

"అయితే ఆ రొట్టె ఇటివ్వు."

మర్నాడే క్లినిక్‌కి వెళ్ళి వరండాలో డాక్టర్ దేసంకాని పట్టుకున్నాను. మా నాన్న మీకు ఎలుకలా కనిపిస్తున్నాడా అని అరిచాను. ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "ఎలుకలతో పని ఎప్పుడో అయిపోయింది బాబూ. అవి నయం. మనుషులే నిజం చెప్పరు" అంది. మాట తప్పించడానికి అలా అంటోందనుకున్నాను.

ఒప్పుకోవాల్సింది ఒకటుంది. మొన్నటి ఎక్స్‌రేలో గడ్డ చిన్నదైంది. నాకే కనిపించేంతగా. సంతోషించాను, సంతోషించినందుకు నా మీద నాకే చిరాకేసింది.

నీ తమ్ముడు
రేల్యా

నిష్, మార్చి 2

అన్నయ్యా,

నీ ఉత్తరం అందింది. తిట్లన్నీ నాకే రాశావు, నాన్నకి ఒక్కటీ లేదు. సరే. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తాను, కోపం లేకుండా. నువ్వు నమ్మవు గానీ ప్రయత్నిస్తున్నాను.

మన కొట్టులో నాన్న బురెక్ పొరల రొట్టెకి పిండి లాగడం నువ్వూ చూశావు, నేనూ చూశాను. గాల్లో తిప్పి బల్ల మీద పరిస్తే కింది చెక్క గీతలు కనిపించేంత పలచన. ఆయన చేతిలో పొర చిరగడం మనం ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు చిరుగుతోంది. చిరిగిన చోట తడి వేలితో అతికి, మడతలోకి తోసేసి, నేను చూశానా లేదా అని ఓరగా చూస్తాడు. మొన్న పొద్దున బట్టీలోంచి పళ్ళెం తీస్తుంటే గుడ్డ జారింది. ఇనుము చేతికి అంటుకుంది. ఆయన వదల్లేదు, నడిచి వచ్చి బల్ల మీద పెట్టి అప్పుడు చూసుకున్నాడు. వాసన నాకు ముందొచ్చింది అన్నయ్యా, ఆయనకి నొప్పి రాలేదు.

ఆయన వేళ్ళకి స్పర్శ పోయింది. కాళ్ళకీ పోయినట్టుంది, మెట్లు చూసుకుంటూ దిగుతున్నాడు. ఇది ఆ మందు పనే.

క్లినిక్‌కి వెళ్ళినప్పుడల్లా అడుగుతారు. వేళ్ళు తిమ్మిరిగా ఉన్నాయా, మంటగా ఉన్నాయా? ఆయన జవాబు ఒకటే, "ఏమీ లేదు, బాగానే ఉంది." కట్టు చూసి ఇదేమిటని డాక్టర్ అడిగితే, "బురెక్ వేసేవాణ్ణమ్మా, చేతులు కాలక మరేమవుతాయి?" అన్నాడు. ఆవిడ నవ్వింది. నేను పక్కనే ఉన్నాను. నోరెత్తలేదు. చౌరస్తాలో బల్లెక్కి అరిచే నేను.

ఇంటికొచ్చాక అడిగాను. ఆయన దాచలేదు.

"చెప్తే తీసేస్తారు. నువ్వే చదివావుగా."

"అది... అది వాళ్ళ కుట్ర గురించి రాసింది నాన్నా."

"కుట్రో కాదో నాకెందుకు. గడ్డ తగ్గుతోంది. వేళ్ళు లేకపోయినా మనిషి బతుకుతాడు. ఊపిరి లేకపోతే బతుకుతాడా? నువ్వు పిండి లాగడం నేర్చుకో."

ఆయన లెక్క ఆయనకి సరిపోయింది. కానీ ఆయన బాగానే ఉందంటే తర్వాతి ముగ్గురికి మోతాదు పెరుగుతుంది. సోమవారం నుంచే. వాళ్ళలో ఒకావిడ స్తోయాంకా, పెళ్ళి బట్టలు కుట్టే మనిషి. సూదితోనే బతుకు. వరండాలో నాన్న పక్కనే కూర్చుంటుంది. "స్వెతొజార్, మందు ఎలా ఉంది?" అని అడిగితే ఆవిడకీ అదే చెప్పాడు. ఆవిడ ధైర్యం తెచ్చుకుని ఇంటికెళ్ళింది.

చెప్తే నాన్న మందు ఆగిపోవచ్చు. చెప్పకపోతే ఆ ముగ్గురి సంగతి? ఇలాంటప్పుడు ఏం చేయాలో నా దగ్గరున్న కరపత్రాలు వేటిలోనూ లేదు. ఇది నీకు చేరేలోపు సోమవారం అయిపోతుంది. సలహా రాయకు.

రేల్యా

నిష్, మార్చి 19

అన్నయ్యా,

చెప్పేశాను.

ఆదివారమే క్లినిక్‌కి వెళ్ళి చెప్పొచ్చు, ఆయన వెనకాల. అలా చేయలేకపోయాను. సోమవారం ఆయన ఎప్పటిలా "ఏమీ లేదు, బాగానే ఉంది" అనగానే, "అబద్ధం. కాలే పళ్ళెం పట్టుకున్నా ఆయనకి తెలియడం లేదు" అన్నాను. నాన్న నా వైపు చూడలేదు. కిటికీ వైపు చూశాడు.

డాక్టర్ దేసంకా ఆయన్ని కళ్ళు మూసుకోమని వేళ్ళ మీద సూదితో గుచ్చింది. ఒక్కో వేలూ. "గుచ్చావా అమ్మా, ఇంకా లేదా?" అని అడిగాడు. ఆవిడ అప్పటికి మూడు వేళ్ళు పూర్తి చేసింది.

తర్వాత ఆవిడ నెమ్మదిగా అడిగింది. "ఎందుకు దాచారు?"

"తీసేస్తారని."

"ఎవరన్నారు?"

నాన్న గడ్డం నా వైపు తిప్పాడు. అంతే. నేను కరపత్రం గురించి చెప్పాను. ఆవిడ నన్ను తిట్టలేదు, తిడితే బాగుండేది. ఇలాంటివాళ్ళకి కొన్నాళ్ళు మందు ఆపి, తగ్గించి మళ్ళీ ఇస్తామని, మొదటి రోజు చదివి వినిపించిన కాగితంలోనే అది ఉందని చెప్పింది. ఆ కాగితం మీద మేమిద్దరం సంతకాలు పెట్టాం. మా సంఘం కాగితం కాదుగా అని నేను విననే లేదు.

మొదట్లోనే చెప్పి ఉంటే వేళ్ళ సంగతి ఇంతదాకా వచ్చేది కాదట. ఇప్పుడు స్పర్శ తిరిగి వస్తుందో రాదో ఆవిడకీ తెలియదు. కొంత రావచ్చంది. గడ్డ మాత్రం తగ్గిన చోటే ఉంది.

స్తోయాంకాకీ తక్కిన ఇద్దరికీ మోతాదు పెంచలేదు. నాన్నకిచ్చినంతే ఇస్తున్నారు, ప్రతిసారీ సూదితో గుచ్చి చూసి. ఆవిడ వరండాలో నాన్నని నిలదీసింది. "నన్ను చంపుదామనుకున్నావా ముసలోడా?" అంది. నాన్న తలొంచుకుని, పొట్లం విప్పి బురెక్ పెట్టాడు. తింది గానీ ఇంకా క్షమించలేదు.

సంఘానికి రాశాను, ఆ వాక్యం తప్పు, తీసేయండని. క్లినిక్ నన్ను కొనేసిందని జవాబిచ్చారు. సంఘం కార్డు వాళ్ళ మొహాన పడేసి వచ్చాను. రోగి ఎలుక కాదన్న మాట మాత్రం ఇప్పటికీ నాదే.

నాన్న వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతున్నాడు, ఒక్క పని కోసం. ఏ బాధ కలిగినా రాసి తెమ్మంది డాక్టర్. ఆయన చేతిలో పెన్ను నిలవదు, పిండి లాగడం కూడా ఇప్పుడు నా పనే. అందుకని రోజూ కొట్టు మూశాక నా ఎదురుగా కూర్చుని, గోడకి చెబుతున్నట్టు చెబుతాడు.

"రాయి. ఎడమ బొటనవేలు, తిమ్మిరి. రాయి. అరికాలు, ఇసుక మీద నడుస్తున్నట్టు. రాశావా?"

"రాశాను."

"రాయి. పొద్దున తిన్న బురెక్ కడుపులో బండలా కూర్చుంది. అది మందు వల్ల కాదు, పిండి లాగినవాడి వల్ల."

అదీ రాశాను. డాక్టర్ చదివి, "ఇప్పుడు నిజం చెబుతున్నారు" అని, కొట్టేయకుండా, దాని కింద ఒక గీత గీసింది.

నీ తమ్ముడు
రేల్యా