కొండ మీద బూట్లు, కొండ కింద కుళ్ళు

ఇటెన్ (కెన్యా), సోమవారం

చెల్లెలు జెమెలికి,

కొండ మీద నుంచి అక్క జెరూటో దీవెనలు. మనం ఫోనులో అరుచుకుంటుంటే ఆవులు చేపడం లేదని అమ్మ ఇద్దరి ఫోనులూ లాక్కుంది కదా! పందెం అయ్యేదాకా కాగితం మీదే తిట్టుకోమంది. రోజూ పాలడబ్బా వీపున వేసుకుని మీ ఊరికి దిగే జెబివొత్ వదిన చేతికే ఇది ఇస్తున్నాను.

పరుగు నేర్పే శిబిరంలో ఆడవాళ్ళకి ఒక్కటే చోటుంది. మనిద్దరం పరిగెత్తే పది కిలోమీటర్ల పందెంలో ముందొచ్చినవాళ్ళది. అందుకని బూట్లు కొనాలి. కొట్లో ఒకటి మామూలు నల్ల జత. రెండోది బాగా ఖరీదు, అడుగు మొక్కజొన్న ఉగాలి ముద్దంత మందం, కాలు దానంతటదే ఎగురుతుందట. ఏది కొనమంటావు?

నీ అక్క

తా.క. ఆదివారం మీ కంచె మీద ఆకుపచ్చ బూట్లు ఆరుతున్నాయని వదిన చెప్పింది. ఎవరివి? ఊరికే అడుగుతున్నా.


తంబాచ్, మంగళవారం

అక్కకు,

కొండ కింద నుంచి దండాలు. మామూలువే కొనుక్కో. పరిగెత్తేది కాళ్ళు గానీ బూట్లు కాదు. నాన్న వట్టి కాళ్ళతోనే బడికి పరిగెత్తాడు, ఒక్కరోజైనా ఆలస్యమయ్యాడా?

జెమెలి

తా.క. ఆకుపచ్చవి నావే. శనివారం సంతలో దొరికాయి. ఎవరో విదేశీ పరుగుమనిషి తొడిగినవి. భలే మెరుస్తాయిలే.


ఇటెన్, శుక్రవారం

జెమెలీ,

నువ్వు చెప్పావని మామూలు జతే కొన్నాను. ఇంటికొచ్చాక బుర్ర వెలిగింది. నీకు మెరిసేవి, నాకు నాన్న వట్టికాళ్ళ కథానా? అవును, కుళ్ళే. దాచడమెందుకు? చిన్నప్పటి నుంచీ మంచి ముక్క నీ పళ్ళెంలోనే పడుతోంది.

దూడను అమ్మి ఖరీదైన జత తెచ్చాను. ఎర్రవి. మామూలువి వదినకి పడేశాను, పాలు మోసే కాళ్ళకి అవి చాలు. కొత్తవి పందెం రోజుదాకా తొడగను, మట్టంటుతుంది. పొద్దున్నే అందరితో పరుగుకి పోతే ఎవరైనా ఎత్తుకుపోతారని గుమ్మంలోనే కాపలా కూర్చుంటున్నాను.

అక్క

తా.క. బూట్లు మంచం మీద, నేను చాప మీద.


తంబాచ్, శనివారం

అక్కా,

నీ బూట్ల మాట విన్నప్పటి నుంచీ ముద్ద దిగడం లేదు. నిజం చెప్పేస్తున్నా, నా ఆకుపచ్చ వాటికి అడుగే లేదు. చిల్లులు కనబడకుండా తిప్పి ఆరేశాను, నీ చెవిన పడాలనే. ఇప్పుడు రెండు మేకలు అమ్మి నేనూ ఖరీదైనవే తెచ్చుకున్నా. ఎర్రవే! నేనూ తొడగను, నేనూ కాపలాయే.

జెమెలి

తా.క. జవాబు ఈరోజే కావాలి. వదిన ఇక్కడే ఉంది, దీన్ని తెస్తుంది, నీ జవాబుతో వెంటనే తిరిగి పంపు.


ఇటెన్, అదే శనివారం

దొంగమొహమా,

రంగు మార్చుకో! ఎరుపు నాది!

అక్క

తా.క. వదిన వంటకి ముందే ఇంకోసారి దిగుతుందిలే.


తంబాచ్, అదే రోజు సాయంత్రం

అక్కకు,

మార్చను.

జెమెలి

తా.క. వదిన మోసే డబ్బాలో పాలు వెన్న కడుతున్నాయని ఇక్కడ కొనేవాళ్ళు గోల పెడుతున్నారు. అంత కుదుపెందుకో కాస్త కనుక్కో.


శిబిరం నుంచి, పందెమైన పదో రోజు

ఆడపడుచులిద్దరికీ,

వదిన జెబివొత్ ఆశీస్సులు. మడమల మీద బొబ్బలు తగ్గాయా? కొత్త బూట్లని పందెంలోనే మొదటిసారి తొడిగితే కరవవా మరి! జెరూటో జెమెలి కాళ్ళే చూసింది, జెమెలి జెరూటో కాళ్ళే చూసింది. ముందు ఎవరు పోతున్నారో ఇద్దరూ చూడలేదు. నేనే పోతున్నాను.

నెలన్నరలో నలభై మూడు ఉత్తరాలు మోశాను. "ఈరోజే అందాలి" అని మీరు, "పొయ్యి ఇంకా వెలగలేదా" అని మీ అన్న. వీపున డబ్బాతో ఆ కొండని నడిచి ఎక్కితే కుదురుతుందా? పరిగెత్తాను. ఒకరోజు మూడో వంపు దగ్గర శిబిరం కోచ్ ఆపి, "ఎవరమ్మా నువ్వు, ఎవరు నేర్పారు?" అన్నాడు. "మా ఆడపడుచులండీ" అన్నాను. అబద్ధం కాదుగా! పందేనికి నా పేరూ రాసుకున్నాడు.

ముగ్గురు పిల్లల తల్లిని. నాకూ పరుగంటే ఇష్టమా అని మన ఇంట్లో ఎవరూ అడగలేదు. నలభై మూడు ఉత్తరాల్లో ఒక్కదాంట్లోనూ వదిన కాళ్ళెలా ఉన్నాయని లేదు. మీ మీద కుళ్ళు నాకూ ఉండేది, పొద్దున్నే తీరిగ్గా పరుగుకి పోతారని. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంటారే, ఈసారి ఆ పిల్లిని నేనే. గెలిచినవాళ్ళకిచ్చే ముర్సిక్ సొరబుర్రని అత్తయ్య నా నోటికే అందించినప్పుడు ఆ పులిసిన పాలతో పాటు కన్నీళ్ళూ మింగాను.

మీ వదిన

తా.క. ఇక్కడ అందరికీ ఆ ఖరీదైన బూట్లే ఊరికే ఇచ్చారు. గోడకి తగిలించాను. నాకు జెరూటో పడేసిన నల్లవే బాగున్నాయి.

ఇంకో తా.క. పాలు రేపటి నుంచి మీరే మోయాలని అత్తయ్య చెప్పిందట. వచ్చే ఏడు మళ్ళీ పందెం ఉంది. డబ్బా మాత్రం ఒక్కటే. దానికోసం కొట్టుకోకండి.