మూడో మనవరాలి పేరు

తమ్ముడు ముషేగ్‌కి,

మీవాడికి మూడోసారీ ఆడపిల్లే పుట్టిందని, ఆ బిడ్డకి నా పేరు పెట్టబోతున్నావని తెలిసింది. అది నా మీద ప్రేమతో కాదని నాకు తెలుసురా. నేను ఐదో ఆడపిల్లగా పుట్టగానే నాన్న “ఇక చాలు” అని విసుక్కుని, అదే నాకు పేరుగా పెట్టాడు, బవకాన్ అని. మరుసటేడే నువ్వు పుట్టావు. “పేరు పనిచేసింది!” అని ఊరంతా మురిసిపోయింది. అమ్మ నన్ను రొట్టె తినడానికి పిలిచినా ‘చాలు’ అనే పిలిచేది.

శనివారం బాప్తిస్మానికి వస్తున్నాను. ఫాదర్ పేరడగ్గానే, పేరు చెప్పాల్సిన జ్ఞానతండ్రి నోరు తెరిచేలోపే “నూబార్” అని గట్టిగా చెప్తాను. “మూడోదానికి తొలికాపు అని పేరేమిటే అక్కా?” అని గొణుగుతావు. గొణుక్కో. మనింట్లో ‘రా తల్లీ’ అన్నట్టు పేరు పెట్టించుకునే ఆడపిల్ల అదే మొదటిది.

నీ అక్క