డిస్కు మీద సింధూరం

అత్తయ్యగారికి,

ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరమేమిటని అనుకోకండి. మీ ఎదురుగా చెప్పాలంటే నాకు నోరు పెగలదు.

మీ అమ్మాయి బ్యాటరీ సైకిల్ ముందు చక్రానికి పళ్ళెంలాంటి బ్రేకు డిస్కు ఉంది కదా, ప్రతి మంగళవారం మీరు దానికి ఆంజనేయస్వామి సింధూరం పూస్తున్నారు. అందులో నూనె ఉంటుందండీ. నూనె తగిలితే బ్రేకు పట్టదు. మరునాడు నేను డిస్కును స్పిరిట్‌తో తుడిచి, దాన్ని నొక్కి పట్టే ప్యాడ్లను ఎమరీ పేపర్‌తో రుద్ది, సరిచేసి బిగిస్తూ వస్తున్నాను. పోయినవారం జ్వరంతో పడుకుని తుడవలేకపోయాను. బందరు కాలవ గట్టు దిగుతుంటే బ్రేకు పట్టక మీ అమ్మాయి పడింది, మోకాళ్ళు దోక్కుపోయాయి.

దిష్టి తగిలిందని నిన్న మీరు ఇంకాస్త దట్టంగా పూశారు. రేపు తను మళ్ళీ బండి తీస్తానంటోంది. ఇప్పుడే తుడిచి వచ్చాను.

ఇకమీదట సింధూరం హ్యాండిల్‌కు పెట్టండి. స్వామికి అక్కడైతే ఇంకా బాగా కనిపిస్తుంది.

మీ అల్లుడు